పైన మూడు వేళ్ల జాగ

నా చేతిరాత గురించి నేనే పొగుడుకుంటే బాగుండదని తెలుసు. కానీ పొగిడేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, ఇప్పుడు నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? ఒకప్పుడు మందమర్రి నుంచి చెన్నూరు దాకా ఏ సర్కారీ ఆఫీసు బీరువా తెరిచినా ఒక్క ఫైలులోనైనా నా రాత కనిపించేది. గుండ్రని అక్షరం, సమానమైన సందు, కొట్టివేత లేని పేజీ. టైపు మిషను చెడిపోతే మా సార్లు మెకానిక్ కంటే ముందు నాకే కబురు పంపేవాళ్లు.

ఆ రాతే నాకు నౌకరీ ఇప్పించింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతబడ్డాయి, మా చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. తర్వాత ఎట్లాగో మెట్రిక్ గట్టెక్కి తహసీలు ఆఫీసులో టెంపరరీ నకలు గుమాస్తాగా చేరాను. సార్లు గీకిన చిత్తుప్రతులను శుభ్రంగా తిరగరాయడం, తెల్లకాయితాలకు గీతలు కొట్టడం, ఇదే పని. రూళ్లకర్రను దొర్లిస్తూ నేను గీతలు కొడుతుంటే చప్రాసీ కూడా వచ్చి నిలబడి చూసేవాడు.

మా ఊరు మందమర్రి నుంచి చెన్నూరు పోయే రోడ్డుకు కొంత లోపలికి ఉంటుంది. ఊరికి ఎగువన ఒక ఒర్రె. వానకాలం నిండుగా పారి, చలికాలం సన్నబడి, ఎండకాలం ఉత్త ఇసుక మిగిలే చిన్న వాగును మేము ఒర్రె అంటాం. ఆ నీళ్లే మా చెరువులోకి వస్తాయి, ఆ చెరువు కిందే ఊరంతటికీ వరి. మా బాపు పొలం కూడా అక్కడే. మా మేనమామ, అంటే అవ్వకు తమ్ముడు, ఆయనకు ఊరి అంచున నల్లరేగడి చేను ఉండేది, చెరువు కింద ఒక మడి కూడా ఉండేది. బాపు తొందరగా పోవడంతో నా మంచిచెడ్డలన్నీ మామే చూశాడు. మెట్రిక్ పాసైన వారంలోనే లక్సెట్టిపేట తీసుకుపోయి సిరాపెన్ను కొనిచ్చాడు. తనకు అక్షరం ముక్క రాదు. అయినా అయిదారు పెన్నుల మూతలు తీసి, గోరు మీద గీసి చూసి, దుకాణదారుణ్ని నానా తిప్పలు పెట్టి మరీ కొన్నాడు.

నేను నౌకరీలో చేరిన కొంతకాలానికి, బొగ్గు మోసే రైలు లైను ఒకటి మా ఊరి మీదుగా వేయాలని పైనుంచి నిర్ణయమైంది. అప్పట్లో పెద్ద పనులన్నీ అట్లాగే అయ్యేవి. హైదరాబాదులోనో ఢిల్లీలోనో బల్ల మీద నక్షా పరిచి గీత గీసేవాళ్లు. ఆ గీత ఎవరి చేను మీద నుంచి పోయిందో ఆ చేను ఆసామికి, సర్వేవాళ్లు వచ్చి హద్దు కర్రలు, అంటే ఖూటీలు, పాతిన రోజు తెలిసేది. అడగాలని చట్టంలో ఉందో లేదో నాకు తెలియదు గానీ, అడిగినట్టు కాయితం మాత్రం ఫైలులో ఉండాలి. ఆ కాయితం తయారుచేసే పని మా ఆఫీసుకు వచ్చింది.

మా తహసీల్దారు సారు నన్ను పిలిచాడు. "రేపు మీ ఊళ్లోనే మీటింగు. పది ఫుల్‌స్కేపు కాయితాలు తీసుకో. నంబరు, పేరు, తండ్రి పేరు, వేలిముద్ర అని గడులు గీయి. పైన మూడు వేళ్ల జాగ విడిచిపెట్టు."

"పైన ఏం రాయాలె సార్?"

"అది తర్వాత చూసుకుందాం."

ఇందులో నాకేమీ వింత కనబడలేదు. ఆ రోజుల్లో సగం ఫైళ్లు అట్లాగే నడిచేవి. ముందు వేలిముద్రలు, తర్వాత మాటలు. నేను మూడు వేళ్లు అడ్డంగా పెట్టి, కొలిచి, అక్కడి నుంచి కిందికి గీతలు కొట్టాను. మామ ఇచ్చిన పెన్నుతోనే కొట్టాను. పది కాయితాలూ ఒకదానిమీద ఒకటి పెడితే గీతకు గీత తప్పలేదు. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

మరునాడు బడి అరుగు మీద మీటింగు. మా సారు రైలు లైను గురించి నాలుగు మాటలు చెప్పి, వచ్చినవాళ్లంతా వచ్చినట్టు గుర్తుకు వేలిముద్ర వేయాలన్నాడు. ఎవరూ కదల్లేదు. కాయితమంటే జనానికి ఎప్పుడూ భయమే. అప్పుడు మామ తలరుమాలు సర్దుకుంటూ లేచాడు.

"ఏందిర మీ పరేషాన్? కాయితం తెచ్చింది ఎవలు? మా అల్లుడు. పరాయోడా?" అని సిరా దిండు మీద వేలు అద్ది, ఒకటో నంబరు గడిలో గట్టిగా ఒత్తాడు. ఆయన వెనుక ఊరంతా లేచింది. నేను ఒక్కొక్కరి వేలు పట్టుకుని గడిలో నీటుగా పెట్టించాను, ఒక్క ముద్ర కూడా గీత దాటకుండా.

నెల తిరక్కముందే ఆ ఫైలు నకలు కోసం నా బల్ల మీదికి వచ్చింది. పైన విడిచిన మూడు వేళ్ల జాగలో ఎవరో ఇరుకిరుకుగా నాలుగు వరుసలు రాశారు. ఈ కింద వేలిముద్రలు వేసిన మేమందరం మా భూములను రైలు లైనుకు ఇష్టపూర్వకంగా ఇచ్చుటకు ఒప్పుకొన్నాము, అని. ఆ కిందే ఒకటో నంబరులో మా మామ బొటనవేలు.

లేచి సారును అడగాల్సింది. అడగలేదు. టెంపరరీ నౌకరీ, ఇంట్లో అవ్వ, ఇవన్నీ సాకులే. భయపడ్డాను, అంతే. నకలు తీయమన్నారు, తీశాను. ఆ నాలుగు వరుసలను నా గుండ్రని అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా తిరగరాశాను. నా రాత గురించి ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఆ పేజీ గుర్తొచ్చేది.

ఖూటీలు మామ చేను నడిమధ్య పాతారు. మామ ఆఫీసుకు వచ్చాడు. మా సారు ఫైలు తెరిచి, "నీ వేలిముద్రే కదా, నువ్వే ఒప్పుకున్నావు" అని చూపించాడు. మామ ఆ కాయితాన్ని చాలాసేపు చూశాడు. చదవడం రాదు గానీ, పైన ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు అక్షరాలున్నాయని కంటికి కనబడుతుంది కదా. నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గీతలు నువ్వే గొట్టినవా?"

"కొట్టిన మామా."

"మీద జాగ నువ్వే ఇడిసినవా?"

"సారు ఇడువుమన్నడు."

మామ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇరవై ఏండ్లకు పైగా మా మామ నాతో మాట్లాడలేదు. నా పెండ్లికి వచ్చాడు, అక్షింతలు వేశాడు, భోజనం చేశాడు, నా ముఖం చూడకుండా వెళ్లాడు. నా గురించి ఎవరితోనైనా చెప్పాల్సి వస్తే "గా ఆఫీసోడు" అనేవాడట. అవ్వ మాత్రం పండుగ పండుగకూ తమ్ముని ఇంటికి పోయి వచ్చేది. "వాడు రాలే, నువ్వు పోలే, నడుమ నా కాళ్లు అరుగుతున్నయి" అని ఇద్దరినీ కలిపి తిట్టేది.

ఇక మా ఊరి సంగతి. రైలు లైను పోయిన తర్వాత ఊళ్లో ఒక అలవాటు పుట్టింది. ఎవరు కాయితం తెచ్చినా ముందు దాని పైన మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూసేవాళ్లు. వేళ్లు పట్టేంత తెల్లజాగ ఉందా, ఆ కాయితం మీద సంతకం లేదు, వేలిముద్ర లేదు. రేషన్ కార్డువాడు వచ్చినా అంతే, బ్యాంకువాడు వచ్చినా అంతే. బడిలో పంతులు తల్లులతో ఏదో లిస్టు మీద సంతకాలు పెట్టించబోతే, ఆడవాళ్లంతా వరుసగా వేళ్లు పెట్టి కొలిచి వెనక్కి తిరిగారు. పక్క ఊళ్లవాళ్లు నవ్వేవాళ్లు, మా ఊరోళ్లు కాయితం చదవరు, కొలుస్తారు అని. ఒకసారి దుబాయి పంపిస్తానని ఒక ఏజెంటు పైన ఖాళీ వదిలిన స్టాంపు కాయితాలతో వచ్చాడు. మావాళ్లు కొలిచి, చాయ్ తాగించి సాగనంపారు. నవ్విన ఊళ్లవాళ్లే ఆ కాయితాల మీద సంతకాలు పెట్టి ఏడాదిపాటు లబోదిబోమన్నారు. ఆ ఊళ్లవాళ్లు తర్వాత మా ఊరికి వచ్చి, ఎన్ని వేళ్లు పెట్టాలని అడిగి పోయారు.

ఈ కొలత ఎక్కణ్నుంచి వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు. నేను వీధిలో పోతుంటే మగపిల్లలు మూడు వేళ్లు చూపి నవ్వేవాళ్లు. తలవంచుకుని పోయేవాణ్ని.

మండలాలు వచ్చాయి, తహసీలు పోయింది. నేను పర్మినెంటయి, సీనియర్ అసిస్టెంటునై, మా ఊరి మండలాఫీసులోనే కూర్చున్నాను. తొంభైల చివరికి వచ్చేసరికి నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే పెద్ద బొగ్గు గని ఒకటి మా ఊరి ఎగువన రాబోతోందని తెలిసింది. తవ్విన మట్టిని ఎక్కడో పోయాలి కదా. నక్షా చూస్తే, ఆ మట్టి దిబ్బకు గుర్తుపెట్టిన జాగ సరిగ్గా మా ఒర్రె మీద ఉంది. ఒర్రె పూడితే చెరువుకు నీళ్లు లేవు, చెరువు ఎండితే ఊరి వరి లేదు. కంపెనీ రిపోర్టులో, ఆ జాగలో పారే నీళ్లేవీ లేవు, అని ఒక వాక్యం ఉంది. వాళ్లు ఎండకాలం వచ్చి కొలుచుకుపోయారు.

పాత రోజులైతే అక్కడితో కథ అయిపోయేది. కానీ అప్పటికే చట్టం మారింది. పెద్ద గని గానీ, డ్యాము గానీ, కరెంటు కేంద్రం గానీ కట్టాలంటే ఢిల్లీ అనుమతికి ముందు ప్రజల మాట వినాలని కొత్త నిబంధన వచ్చింది. మా ఆఫీసుకు వచ్చిన సర్క్యులరును నేను రెండుసార్లు చదివాను. రిపోర్టు సారాంశాన్ని తెలుగులో మండలాఫీసులో నెల రోజులు పెట్టాలి, అడిగినవాళ్లకు చూపించాలి. పేపర్లో ప్రకటన వేయాలి. తర్వాత బహిరంగ విచారణ జరపాలి, అందులో ఎవరేం మాట్లాడినా రాసి పైకి పంపాలి. అది లేనిదే ఫైలు కదలదు. ముప్పై ఏండ్ల దాకా జీవో మీద జీవో నకలు తీసినవాణ్ని, నాకు ఏ కాయితమైనా ఒకటే. కానీ ఆ సర్క్యులరును మాత్రం సొరుగులో పెట్టి మళ్లీ తీసి చూశాను. ముందు అడుగు, తర్వాత తవ్వు. ఇంత చిన్న మాట చట్టంలోకి ఎక్కడానికి ఇన్నేండ్లు పట్టిందా అనిపించింది.

విచారణ మా ఊరి బడిలోనే పెట్టారు. మినిట్సు రాయడానికి ఎవరు? నేనే. అప్పటికీ ఆ చుట్టుపక్కల నా రాతే రాత.

ఆ రోజు శామియానా వేశారు, మైకు పెట్టారు, కంపెనీ ఇంజనీరు నక్షాను స్టాండుకు తగిలించాడు. జిల్లా నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. వయసులో చిన్నవాడే, నెమ్మదైన మనిషి, కానీ రూలు పుస్తకం తప్ప ఇంకో దారి తెలియనివాడు. ఊరు ఊరంతా వచ్చింది. ముసలివాళ్లు, పిల్లల తల్లులు, ఆ పూట పొలం పని మానుకున్నవాళ్లు. కూర్చోను జాగ లేక గోడల మీద ఎక్కారు. మామ వెనుక వరుసలో నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది.

"ముందు హాజరు. పేరు రాయించి సంతకం పెట్టినవాళ్లను నంబరు ప్రకారం పిలుస్తాం, మాట్లాడవచ్చు" అన్నాడు పెద్దసారు. హాజరు కాయితాలు జిల్లా నుంచే వచ్చాయి. అచ్చు వేసిన గడులు, మంచి కాయితం. నా ముందు పెట్టారు. పైన మూడు వేళ్లు కాదు, నాలుగు వేళ్లు పట్టే తెల్లజాగ.

మొదట ఒక ముసలమ్మ వచ్చింది. కాయితం మీద మూడు వేళ్లు అడ్డంగా పెట్టింది. తీసింది. వెనక్కి వెళ్లి కూర్చుంది. తర్వాత ఒకాయన వచ్చాడు, కొలిచాడు, వెళ్లాడు. ఇట్లా ఇరవై మంది వచ్చి కొలిచి వెళ్లారు. ఇక మిగిలినవాళ్లు లేవనే లేదు.

పెద్దసారుకు ఏమీ అర్థం కాలేదు. "ఏమిటిది? ఏదైనా పూజా?" అని నన్ను అడిగాడు. ఇంజనీరు నవ్వి, "సంతకాలు లేకపోతే ఎవరూ రానట్టే కదా సార్. అభ్యంతరాలు లేవని రాసుకుందాం" అన్నాడు. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. "నేనేం చేయను? అరగంట చూస్తాను. కాయితం మీద పేరు లేకపోతే మనిషి రానట్టే. రూలు అది" అన్నాడు.

కళ్ల ముందు ఊరు ఊరంతా ఉంది. రికార్డులో మాత్రం ఎవరూ లేరు. ఆ అరగంట దాటితే ఒర్రె మీద మట్టి పడుతుంది. ఎందుకు కొలుస్తున్నారో ఆ శామియానా కింద ఊరివాళ్లందరికీ తెలుసు, సార్లలో ఒక్కడికీ తెలియదు. రెండువైపులా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. వాళ్లకు ఆ భయం నేర్పినవాణ్ని కూడా నేనే.

చట్టం చేసినవాళ్లకు దండం పెడతాను, వాళ్లు మంచి పనే చేశారు. కానీ ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మా ఊరి మూడు వేళ్ల సంగతి ఎట్లా తెలుస్తుంది? దాన్ని చెప్పాల్సినవాడు ఒకడు చెప్పాలి.

లేచాను. మైకు నా దగ్గరికి లాక్కున్నాను.

"సార్, వీళ్లు మీ కాయితం మీద పైన ఉన్న తెల్లజాగను కొలుస్తున్నారు. చాలా ఏండ్ల కింద రైలు లైను కోసం ఇదే బడి అరుగు మీద హాజరు పట్టీ అని చెప్పి వేలిముద్రలు తీసుకున్నాం. పైన మూడు వేళ్ల జాగ విడిచాం. తర్వాత అక్కడ ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. ఆ జాగ కొలిచి విడిచింది నేను. గీతలు కొట్టింది నేను. రాసిన తర్వాత తెలిసి కూడా నోరు మూసుకున్నది నేను."

ఇన్నేండ్లు మూడు వేళ్లు చూపి నవ్వినవాళ్లు కూడా నవ్వలేదు. అందరికీ తెలిసిన మాటే, కానీ నా నోట ఎవరూ వినలేదు. పెద్దసారు ముఖం ఎర్రబడింది, కోపమో సిగ్గో తెలియదు.

వెనుక వరుసలో కదలిక. మామ వస్తున్నాడు. జనం దారి ఇచ్చారు. వచ్చి నా బల్ల ముందు నిలబడి, కాయితం పైన ఉన్న తెల్లజాగ మీద వేలితో కొట్టాడు.

"మీద రాయి" అన్నాడు.

ఇరవై ఏండ్ల తర్వాత మా మామ నాతో అన్న మొదటి మాట అది.

"ఏం రాయాలె మామా?"

"ఏలు ఎందుకు వెడుతున్నమో అది రాయి. ఒర్రె మీద మట్టి వొయ్యద్దని చెప్పనీకి వచ్చినం, భూమి ఇస్తమని కాదు. గది రాయి. రాసి మైకుల సదువు."

నేను పెద్దసారు వైపు చూశాను. ఆయన కాయితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "ఒర్రె సంగతి మినిట్సులో వస్తుంది. హాజరు పట్టీ మీద, ఇది హాజరు మాత్రమే, ఒప్పుకోలు కాదు అని రాయండి. ప్రతి పేజీ మీద నేను సంతకం పెడతాను" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ఆ క్షణంలో గౌరవం పుట్టింది. రూలు పుస్తకంలో లేని పని, అయినా చేశాడు. మామ తల ఊపాడు.

రాశాను. కాయితం పై అంచు నుంచి మొదలుపెట్టి అచ్చు గడుల దాకా, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, సూది మొన పట్టే సందు లేకుండా అదే మాట మళ్లీ మళ్లీ రాశాను. మైకులో చదివాను. పెద్దసారు కింది అంచున సంతకం పెట్టాడు. మామ మూడు వేళ్లు పెట్టి కొలిచాడు. సిరా దిండు ఆయన ముందుకు జరిపాను.

ఆయన వేలు అద్దలేదు.

"ఒకటో నంబరు ఎవలిది?"

"నీదే మామా."

"అప్పుడు నాదే వెట్టిచ్చినవ్. ఇప్పుడు నీది వెట్టు. మీ బాపు పొలం గా చెరువు కిందనే గదా. నువ్వు గీ ఊరోనివా, ఆఫీసోనివా?"

మినిట్సు రాసే గుమాస్తా విచారణలో కక్షిదారుగా సంతకం పెట్టకూడదు. అది నాకు తెలుసు, పక్కనున్న పెద్దసారుకూ తెలుసు. పిల్లలు చదువుకుంటున్నారు, రిటైరుమెంటుకు ఇంకా ఏండ్లున్నాయి. ఒకప్పుడు ఇవే లెక్కలు వేసుకుని నోరు మూసుకున్నాను. ఈసారి లెక్క వేయలేదు. ఒకటో నంబరు గడిలో నా పేరు, బాపు పేరు రాసి సంతకం పెట్టాను. నా జీవితంలో నేను పెట్టిన అన్ని సంతకాల్లో అదొక్కటే గీత దాటింది.

రెండో నంబరులో మామ బొటనవేలు ఒత్తాడు. ఆ వేలు నేను పట్టుకోలేదు. ఆయనే పెట్టుకున్నాడు.

తర్వాత ఊరంతా లేచింది. కాయితం నిండగానే ఇంకో కాయితం, ప్రతి కాయితం మీదా పైన అదే మాట మళ్లీ మొదటి నుంచి. ఎన్ని పేజీలైనా ఎవరూ తొందరపెట్టలేదు. ప్రతివాడూ కొలిచాడు, తర్వాతే పెట్టాడు. వేళ్లు నొప్పి పుట్టి పెన్ను జారుతుంటే మధ్యలో ఎవరో చాయ్ తెచ్చి పెట్టారు. ఆ ఊళ్లో నాకు వాళ్లంతట వాళ్లే చాయ్ ఇచ్చి ఎన్ని ఏండ్లయిందో.

మాట్లాడే వంతు వచ్చినప్పుడు చాలామంది మాట్లాడారు, కానీ ఇంజనీరును నిలబెట్టింది మా అవ్వ. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

"సారూ, గీ రిపోర్టు రాసినోళ్లు ఎప్పుడు వచ్చిండ్రు?"

"మే నెలలో అమ్మా" అన్నాడు ఇంజనీరు.

"మే నెలల మా కుండల గూడ నీళ్లు అడుక్కే ఉంటయి. అట్లని మా ఇంట్ల నీళ్లు తాగరని రాసుకుంటవా బిడ్డా? వానకాలం రా. నీ జీపు ఒర్రె దాటించు. దాటినవా, నీ రిపోర్టు కింద ముందుగాల నేనే ఏలు వెడత."

శామియానా అంతా నవ్వింది, పెద్దసారుతో సహా. నేను ఆ మాటలను ఒక్క అక్షరం మార్చకుండా మినిట్సులో ఎక్కించాను. అవ్వ పేరు, ఆమె మాట, అది ఢిల్లీ దాకా పోయింది. చదువురాని మా అవ్వ మాట సర్కారు ఫైలులో ఉందని తలచుకుంటే నాకు ఇప్పటికీ రొమ్ము విరుచుకోవాలనిపిస్తుంది.

వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. రికార్డు చేసే ఉద్యోగి విచారణలో సంతకం ఎందుకు పెట్టాడో సంజాయిషీ ఇవ్వాలట. నాకు ఆ చెరువు కింద భూమి ఉన్నది, నేను ఆ ఊరివాణ్ని, అని రెండే వాక్యాలు రాసి పంపాను. గట్టిగా మందలించి వదిలేశారు. ఆ మెమో నా దగ్గర ఇంకా ఉంది. నాకు వచ్చిన ప్రశంసాపత్రాలన్నీ ఒక సంచిలో మూట కట్టి అటక మీద పడేశాను, మెమోను మాత్రం ఇనుప పెట్టెలో భద్రంగా పెట్టుకున్నాను. మా ఇంటావిడకు అదో వింత.

నెలల తర్వాత ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. గనికి అనుమతి ఇచ్చారు. ఇవ్వరని మేమూ అనుకోలేదు, మా ఊరి పిల్లలు సగం మంది గనుల్లోనే పని చేస్తున్నారు. కానీ షరతులలో ఒకటి మాది. మట్టి దిబ్బ ఒర్రె మీద ఉండకూడదు, వేరే చోటికి మార్చాలి. ఒర్రె నీళ్లు చెరువులోకి పోయే దారిని ముట్టుకోకూడదు. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కను నేను బల్ల మీద పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో. మేము అడిగాం. వాళ్లు విన్నారు. అంతే కదా కావాల్సింది.

ఆ మధ్యాహ్నమే ఒక ఫుల్‌స్కేపు కాయితం తీసుకుని ఆ షరతును తెలుగులో రాశాను. మామ కొనిచ్చిన పెన్ను పాళీ ఎప్పుడో అరిగిపోయింది. దానికి కొత్త పాళీ వేయించి ఉంచుకున్నాను, దానితోనే రాశాను. సైకిలు తీసి ఊరికి పోయాను. మామ ఇంటి ముందు వేప నీడలో మంచం మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. నన్ను చూశాడు. పగ్గం పక్కన పెట్టాడు గానీ రమ్మనలేదు.

"ఢిల్లీ నుంచి వచ్చింది మామా. ఒర్రె సంగతి" అని కాయితం చేతికిచ్చాను.

అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత కాయితాన్ని మోకాలి మీద పరుచుకుని, పగ్గం పేని పేని కాయలు కాసిన మూడు వేళ్లను పై అంచున అడ్డంగా పెట్టాడు. వేళ్ల కింద మొదటి వరుస పూర్తిగా మూసుకుపోయింది, రెండోది కూడా. ఒక వేలు తీశాడు, ఇంకో వేలు తీశాడు. మిగిలిన ఒక్క వేలు కింద కూడా అక్షరాలే ఉన్నాయి.

మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"కూసో అల్లుడా" అన్నాడు. "ఇగ సదువు."